మంచివి ఏరి వేశానండి

నా పేరు మీద ఇరవై మూడు పేపర్లు ఉన్నాయి. వాటిలో ఇరవై రెండింటిని నేనూ నా స్టూడెంట్లూ తప్ప ఎవరూ చదివినట్టు లేరు. మిగిలిన ఒక్కదాన్ని మాత్రం నాలుగు వందల పన్నెండు మంది తమ పేపర్లలో ఉదహరించారు. రాజమండ్రిలో మా మాలిక్యులర్ బయాలజీ డిపార్ట్‌మెంటులో నాకున్న పరువంతా దాని చలవే. ప్రొఫెసర్ పోస్టుకి పెట్టిన అప్లికేషన్‌లో మొదటి వరుసలో రాసిందీ దాన్నే.

ఆ పేపరు చెప్పింది ఒక్కటే. చెరువుల్లో టైగర్ రొయ్యల్ని చంపే ఒక వైరస్, నరసాపురం దిగువన గోదావరి సముద్రంలో కలిసే మొగలో పట్టిన రొయ్యల్లో కూడా ఉంది. హేచరీలు గుడ్ల కోసం తల్లి రొయ్యల్ని కొనేది ఆ మొగ నుంచే. పన్నెండేళ్ళ కిందట ముప్ఫై రొయ్యల్ని పరీక్షిస్తే ఏడింటిలో వైరస్ కనిపించింది. శాంపిళ్ళన్నీ పడవ దగ్గర నేను స్వయంగా తీసినవని పేపర్లో రాశాను.

మొన్న వేసవిలో చెన్నై నుంచి సారిక అనే రీసెర్చ్ స్టూడెంట్ మెయిల్ పెట్టింది. అదే మొగలో ఆరు వందల రొయ్యల్ని పరీక్షించిందట, ఒక్కదానిలోనూ వైరస్ లేదట. మీరు శాంపిళ్ళు ఎలా తీశారో కొంచెం వివరంగా చెబుతారా సార్ అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నన్ను అడగడమేమిటని మూడు రోజులు గొణుక్కున్నాను. నాలుగో రోజు నరసాపురం బస్సెక్కాను.

అప్పట్లో నా ఐస్ బాక్సు నింపి ఇచ్చిన సుబ్బాయమ్మ ఇంకా రేవు దగ్గరే రొయ్యలు అమ్ముతోంది. చూడగానే గుర్తుపట్టింది.

"ఆ రోజు బాక్సులో వేసినవన్నీ మీ అబ్బాయి త్రిమూర్తులు పడవలో వచ్చినవేనా అండి?" అని అడిగాను.

"మావాడి పడవలోవేనండి. ఏడు మాత్రం మీసాలు విరిగిపోయి చూడ్డానికి బాగోలేదు. పెద్ద చదువు కోసం పట్టుకెళ్తుంటే అలాంటివి ఎలా ఇస్తామండి? మీరేమో గణేష్‌బాబుగారింటికి భోజనానికెళ్ళారు. ఈలోగా చెరువు సరుకు వస్తే అందులోంచి మంచివి ఏరి వేశానండి."

ఏడు. నా పేపర్లో వైరస్ కనిపించినవీ ఏడే. నా స్నేహితుడి ఇంట్లో పీతల కూర మారు వడ్డించుకుంటూ గంటన్నర కూర్చున్నది నాకూ గుర్తుంది. ఆ పేపరు రాసేటప్పుడు కూడా గుర్తుంది.

"మీ చదువుకి పనికొచ్చాయాండి?"

"పనికొచ్చాయండి," అన్నాను. ఏదో ఒకటి అడగాలని, త్రిమూర్తులు వేటకెళ్ళాడా అని అడిగాను.

"పడవ ఎప్పుడో అమ్మేశాడండి. మన మొగ రొయ్యకి రోగముందని ఎవరో రాశారంట. హేచరీలవాళ్ళు తల్లి రొయ్య కొనడం మానేశారు. ఇప్పుడు ఎవరిదో చెరువుకి కాపలా ఉంటున్నాడు." ఆమె గొంతులో ఎవరి మీదా కోపం లేదు. "చదువుకున్నాయన, చూడకుండా రాస్తాడా అండి?"

ఆ రాసింది నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అప్పటికే గంపలోంచి పెద్ద రొయ్యలు ఏరి, ఐస్ ముక్కలతో కవర్లో వేస్తోంది. వద్దన్నా వినలేదు. ఆ కవరు పట్టుకుని, సిగ్గుతో తలెత్తలేక బస్సెక్కాను.

పేపరు వెనక్కి తీసుకుంటున్నానని మర్నాడు జర్నల్‌కి ఉత్తరం రాశాను. రొయ్యలు ఇచ్చినవాళ్ళ పొరపాటు వల్ల శాంపిళ్ళు కలిసిపోయాయని మొదట రాశాను. చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అది కొట్టేసి, శాంపిళ్ళు తీసినప్పుడు నేను అక్కడ లేననీ, ఉన్నానని అబద్ధం రాశాననీ రాసి పంపించాను. సారికకీ ఒక కాపీ పెట్టాను. ప్రొఫెసర్ పోస్టు అప్లికేషన్ కూడా వెనక్కి తీసుకున్నాను.

నా పేపరు నమ్మిన ఆ నాలుగు వందల పన్నెండు మందికీ జర్నల్ చెబుతుంది. సుబ్బాయమ్మకి చెప్పాల్సింది నేనే. నాలుగు నెలలైంది. నరసాపురం బస్సు రోజూ మా వీధి చివరే ఆగుతుంది. నేనింకా ఎక్కలేదు.