కొత్త డాక్‌లో బావగారు

కళ్ళకి తువ్వాలు కట్టే ఉంది, అయినా కామేశానికి అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. తన గదిలో ఉండాల్సిన స్పీకర్లు రెండూ ఏదో రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాయి, ప్లాట్‌ఫారం చివర గోదారో, గోదారిలాంటి పొగమంచో తెల్లగా కదులుతోంది, వెనకాల ఎవరో వైర్లు పీకి తగిలిస్తున్న చప్పుడవుతోంది, ఆ ఎవరో కిందటేడు పోయిన తన బావగారు విశ్వపతేనని తెలిసినా అతనికి ఆశ్చర్యం కలగడం లేదు. వాళ్ళిద్దరికీ ఇది అలవాటే. పాటలు వినే సరంజామాలోకి ఏ కొత్త వస్తువు రావాలన్నా ఒకరు కళ్ళకి తువ్వాలు కట్టుకుని కుర్చీలో కూర్చోవాలి, రెండోవారు వెనక నిలబడి పాతదీ కొత్తదీ మార్చి మార్చి తగిలించాలి, ఏది ఏదో మాత్రం చెప్పకూడదు. కళ్ళు తెరిస్తే చెవులు అబద్ధమాడతాయని బావగారి సిద్ధాంతం. ఆయన పోయాక గానీ తెలిసిరాలేదు, ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదని.

"తిన్నగా కూర్చోవోయ్ కామేశం," అంటున్నారు విశ్వపతి. "ఈసారి ఏం కొంటున్నావేం?"

"డాక్ అండీ బావగారూ. కంప్యూటర్లో ఉన్న అంకెల్ని మళ్ళీ పాటగా మార్చి స్పీకర్లకి పంపించే డబ్బా. విని చూసుకోమని షాపువాడు ఇచ్చాడు. ఉంచుకుంటానో తిరిగిచ్చేస్తానో రేపు చెప్పాలి."

"ఉన్న డబ్బాకేం రోగం?"

"ఏమీ లేదు."

"మరింకేం! ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు," అని ఆయన తన బట్టతలని తడుముకుంటున్నారు, ఆ తడుముకోవడం చూస్తే కామేశానికి ఏడుపొస్తోంది, ఇంతలో ప్లాట్‌ఫారం కాస్తా అక్కావాళ్ళ పాత ఇంటి హాలైపోతోంది, గోడకి ఇంకా రైలు కిటికీలే ఉన్నాయి, వాటిల్లోంచి ఎండ జారిపోతోంది.

"అది కాదండీ," అంటున్నాడు కామేశం, పైకి చెప్పలేని మాటని గొంతులోంచి లాక్కుంటూ. "అక్క మంగళహారతి పాడితే మనం క్యాసెట్టు మీద పట్టాం చూడండి, దాన్ని తరవాత కంప్యూటర్లోకి ఎక్కించాం. కొత్త డబ్బాలో వింటుంటే పాట వెనకాల టిక్కు టిక్కుమని వినిపిస్తోంది. మీరు కుర్చీ చేతిమీద ఉంగరంతో తాళం వేసేవారే, అచ్చం అలాగే. ఇన్నేళ్ళుగా నా చెవిన పడలేదది. నిజంగా ఉందో, మిమ్మల్ని తలుచుకుని నేనే కల్పించుకుంటున్నానో తేల్చుకోలేక చస్తున్నాను. వైరు మార్చిపెట్టే దిక్కు లేదు నాకు."

"ఆ రోజు నేను హాల్లో ఉన్నానా?" బావగారు సీరియస్‌గానే ఆలోచిస్తున్నారు. "రికార్డు మీట నొక్కి వీధిలోకి వెళ్ళాననుకుంటా."

"సరిగ్గా గుర్తు చేసుకోండి, మీకు పుణ్యముంటుంది!"

"పోయినవాణ్ణి సాక్ష్యానికి పిలుస్తావేమయ్యా? ఉన్నవాళ్ళని అడుగు. మీ అక్కని అడిగావా?"

హాలు మెల్లగా ఊగుతోంది, రైలు నిలబడి ఇల్లు కదిలిపోతున్నట్టుగా ఉంది. "ఎలా అడగమంటారు? మీరు పోయిన దగ్గర్నించీ అక్క కూనిరాగమైనా తియ్యలేదు. తన ముందు ఆ పాట ఎలా పెట్టను? పెట్టాననుకోండి, చప్పుడూ లేదు ఏమీ లేదురా అందనుకోండి. అప్పుడు మీరు మళ్ళీ పోయినట్టే కదండీ నాకు."

వెనకాల వైరు ఊడింది, మళ్ళీ తగిలింది, పాట మొదలైంది, అక్క గొంతు వయసులో ఉన్నప్పటిది, దాని వెనక ఉంగరం చప్పుడు, ఆ చప్పుడు పాటని దాటి ముందుకి పరిగెడుతోంది. "ఇప్పుడు చెప్పు, ఏదిది?" అంటున్నారాయన ఎక్కణ్ణుంచో. "కొత్తది! కొత్తదే బావగారూ!" అని అరుస్తూ కామేశం తువ్వాలు లాగేసి వెనక్కి తిరుగుతున్నాడు.

మెలకువ వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం. కుర్చీలోనే కునుకు పట్టేసినట్టుంది. స్పీకర్లలో మంగళహారతి సాగుతూనే ఉంది. పక్కింటికి వెళ్ళిందనుకున్న అక్క అనసూయ గుమ్మంలో చిక్కుళ్ళ పళ్ళెంతో నిలబడి ఉంది; భర్త పోయాక ఆవిడ తమ్ముడి దగ్గరే ఉంటోంది. కామేశం గబుక్కున లేచి పాట ఆపబోయాడు.

"ఉంచరా," అంది ఆవిడ. కాసేపు విని, విసుక్కున్నట్టే అంది: "చూడు, మీ బావ మళ్ళీ తాళం తొందరపెట్టేస్తున్నారు. నన్ను ఊపిరి తీసుకోనిస్తేనా!"

"నీకు వినిపిస్తోందా అక్కా?"

"వినిపించకపోవడమేమిట్రా? ఎప్పుడూ ఉన్నదేగా. నువ్వెప్పుడూ ఆ పెట్టెలు వింటావు, పాట ఎక్కడ వింటావు?"

కామేశం బల్లకేసి చూశాడు. దీపం వెలుగుతున్నది పాత డాక్‌కే. పోల్చి చూద్దామని కునుకుకి ముందు వైరు తనే దానికి మార్చుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన అందులోనే ఉన్నారు. కళ్ళు తుడుచుకున్నాడు.

అనసూయ గడపమీద కూర్చుని పళ్ళెం పక్కన పెట్టింది. పెదాలు కదిలాయి. పాటలోని తన గొంతుని వదిలేసి, కాస్త తొందరగా, ఆయన తాళంతో కలిసి పాడడం మొదలుపెట్టింది.