పాలనీళ్లలో ఉప్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. డెబ్బై రెండులో, వానలు మొహం చాటేసిన ఆ ఏడు, ఆ కోపంతో నేను వెలగబెట్టిన ఘనకార్యం చెబుతాను, వినండి.

మాది రేగొండ దగ్గర పల్లె. పొలాలన్నీ బీడు పడ్డాయి గానీ వాగు ఒడ్డున వట్టివేళ్లకు కొదవలేదు. హైదరాబాదులో అత్తరు వ్యాపారం చేసే హీరాలాల్ సేట్ వాటి వాసన చూసి ముచ్చటపడి, ఒక రాగి బట్టీని లారీలో పంపించాడు. బట్టీ అంటే పెద్ద డేగిసా, దానికి బిగుతు మూత, మూతలోంచి ఓ పొడుగాటి గొట్టం. వేళ్లు నీళ్లలో ఉడుకుతుంటే ఆవిరి ఆ గొట్టంలో చల్లబడి కింది కుండలో పడుతుంది. ఆ నీటి మీద నూనె తేలాలి.

"శనివారం వస్తా. గిలాసెడు నూనె చూపిస్తే బట్టీ మీ దగ్గర్నే ఉంటది. లేకుంటే లారీల ఎక్కించుకపోత" అని సేట్ మా ఆయన రామ్మోహన్‌కు తేల్చి చెప్పాడు.

బట్టీ పోతే మాకు పోయేది పెద్దగా లేదు. ఊరి పక్క లంబాడీ తండావాళ్లకే కష్టం. ముప్పై ఇళ్లవాళ్లు ఎండలో వేళ్లు తవ్వి తెచ్చారు. ఆ పని ఆగిపోతే పిల్లాజెల్లాతో చెరకు కొట్టడానికి వలస పోవాల్సిందే. తండా నుంచి వచ్చి బట్టీ మంట చూసుకునే గోరీకి ఆ మాటంటేనే వణుకు. పోయినేడు ఆ చెరకు తోటల్లోనే ఆమె చంటిబిడ్డ జ్వరంతో పోయింది. "మళ్ల ఆడికి పోను దొరసానీ, సచ్చినా పోను" అని నాతో అన్నది.

నాలుగు రోజులు ఉడికించాం. కుండ నిండా నీళ్లు వచ్చాయి, పాలలాగా తెల్లగా. ఇల్లంతా ఘుమఘుమలే. నూనె మాత్రం చుక్క లేదు! తెచ్చిన వేళ్లన్నీ అయిపోయాయి.

"వాసన ఉన్నది. మరి నూనె ఏడ వోయింది?" అని మా ఆయన కుండ చుట్టూ తిరుగుతూ తల గోక్కున్నాడు.

గోరీ కుండ ముందు గొంతుక్కూచుని నీళ్లలో వేలు ముంచింది. "గిందుల్నే ఉన్నది పటేలా. ఏలుకు జిగట తాకుతున్నది. మరి పైకెందుకొస్తలేదు?" అని పూటంతా ఆ నీళ్లకేసే చూస్తూ ఉండిపోయింది.

గురువారం పొద్దున్నే నేను బట్టీ పెట్టిన కొట్టంలోకి వెళ్లేసరికి, గోరీ గుప్పెడు గుప్పెడు ఉప్పు ఆ కుండలో పోస్తూ, కట్టెతో తిప్పుతూ, తన భాషలో ఏదో గొణుక్కుంటోంది. మా ప్రాంతంలో తల చుట్టూ ఉప్పు తిప్పి దిష్టి తీసి, దాన్ని నీళ్లలో వేసి ఎవరూ తొక్కని చోట పారబోస్తారు. ఇంకేముంది, నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏందే గిది! ఎవలి దిష్టి తెచ్చి మా కుండల పోస్తున్నవ్? నడువ్! మళ్ల మా గడప తొక్కకు!"

ఆమె ఏదో చెప్పబోయింది. వినే ఓపిక నాకేది? వెళ్లగొట్టాను. కుండ ఎత్తి తీసుకుపోయి పెరట్లో కంచె పక్కన గుమ్మరించాను. తీరా చూస్తే కుండ అంచంతా తేనె రంగు నూనె! వేలితో తీసి వాసన చూశాను. అచ్చంగా వట్టివేళ్ల నూనే. అయ్యో అయ్యో, ఎంత పని చేశాను!

చెప్పులు కూడా వేసుకోకుండా తండాకు పరుగెత్తాను. గోరీ గుడిసె ముందు కూర్చుని ఉంది. నా మొహం చూడలేదు.

"ఉప్పేస్తే నూనె ఎట్ల తేలిందే? జర చెప్పు" అన్నాను.

ఆమె లోపలి నుంచి చెంబులో నీళ్లు, కోడిగుడ్డు తెచ్చింది. గుడ్డు మునిగింది. నాలుగు గుప్పిళ్ల ఉప్పు వేసి కలిపింది. గుడ్డు పైకి లేచింది! నాకు నమ్మకం కుదరక దాన్ని వేలితో మూడుసార్లు ముంచాను. మూడుసార్లూ తేలింది.

"మీ పొలంల ఇత్తనం వడ్లు ఉప్పునీళ్లల్లనే గద పోస్తం? తాలంత పైకొస్తది. ఉప్పేస్తే నీళ్లే బరువైతయ్. నూనె గూడ తేల్తదేమోనని పోసిన."

"మరి ఆ గొణుగుడేంది?"

"గుప్పిళ్లు లెక్క వెట్టుకున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. "నూనంత మట్టిపాలు చేసిన గోరీ" అని ఏడ్చేశాను.

ఆమె ఒక్కసారిగా లేచి నిలబడింది. "వట్టేళ్లను ఉడకబెట్టినం. ఆ మట్టిని ఉడకబెడితే ఏమైతది?"

ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు. కంచె పక్కన తడిసిన మట్టినంతా తవ్వి తట్టలకెత్తాం. గోరీ తవ్వింది, నేను మోశాను. శుక్రవారం సాయంత్రం దాకా బట్టీ ఆరకుండా ఉడికించాం. వచ్చిన తెల్లనీళ్లలో గోరీ ఉప్పు వేసింది. తెల్లారేసరికి నూనె పైకి తేలింది. గిలాస నిండడానికి రెండు వేళ్ల మందం తక్కువ.

అన్నట్టే శనివారం వచ్చిన సేట్ దూదికి నూనె అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నొసలు ముడిచాడు. "గిందుల వట్టివేరు ఒక్కటే లేదు. తొలకరి వానకు లేచిన మట్టి వాసన ఉన్నది. ఏం కల్తీ చేసిన్రు?"

"ఏం కలుపలే సేట్" అన్నాడు మా ఆయన నేల చూస్తూ. సేట్ నమ్మలేదు. బట్టీ ఎక్కించమని లారీవాళ్లకు సైగ చేశాడు. వాకిట్లో తండా అంతా నిలబడి ఉంది. గోరీ మొహం పాలిపోయింది.

"ఆగు సేట్. ఉప్పేసి నూనె తేల్చింది గీ గోరీ. దిష్టి తీస్తున్నదనుకొని పారబోసింది నేను. మట్టిల నుంచి మళ్ల తీసింది గూడ గామెనే" అన్నాను.

సేట్ దూదిని మళ్లీ వాసన చూశాడు. గోరీని ఎగాదిగా చూశాడు. "గట్లనా! అయితే కల్తీ గాదు. గీ ఉపాయముంటే నూనెకు కొదవుండది. ఎంత ఉప్పేసినవమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పిన గుప్పిళ్ల లెక్క చీటీ మీద రాసుకుని, లారీని ఖాళీగానే వెనక్కి తిప్పమన్నాడు.

తండావాళ్లు ఒక్కసారిగా కేకలు వేశారు. గోరీ మాత్రం నా దగ్గరకొచ్చింది. కళ్లు తుడుచుకుని, "దొరసానీ, మీకు కోపమొస్తే రానియ్యుర్రి. గని జర నన్ను అడిగినంక రానియ్యుర్రి" అన్నది.

సరేనన్నాను.