సర్దిపెట్టిన సంచీ

నార్వెల్‌ని జైలుకు తీసుకెళ్ళడం ఖాయమట, సంచీ కూడా సర్దుకున్నాడట. పక్కింటి డ్రీమా చర్చి మెట్ల మీద వదిలిన ఈ కబురు కోల్డ్ ఫోర్క్ కౌంటీ అంతా తిరిగి, ఎన్నికల ఆఫీసు తలుపుకి నమూనా బ్యాలెట్ అంటిస్తున్న నార్వెల్ చెవినే పడింది. డ్రీమా మాటల్లో సగం ఎప్పుడూ నిజమే. సంచీ నిజం.

నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీయాలా వద్దా అని రాష్ట్రం జనాన్నే ఓటేసి చెప్పమంటోంది. వద్దన్నవాళ్ళు దావా వేసి, ఓటింగు జరిపే కౌంటీ అధికారుల పేర్లన్నీ అందులో ఎక్కించారు. కింది కోర్టు ఆపమంది. పై కోర్టు కానిమ్మంది. ముందస్తు ఓటింగుకు ఇవాళ మొదటి రోజు. తలుపు తీస్తే జైలేనని ఒక వకీలు ఉత్తరం, తీయకపోతే జైలేనని ఇంకో వకీలు ఉత్తరం. అడకత్తెరలో పోకచెక్క నార్వెల్.

కాస్త వంగిన నడుము, మెడలో ఒకటి ముక్కు మీద ఒకటి కళ్ళజోళ్ళు, సిరా వదలని బొటనవేలు. ముప్పై ఒక్క ఏళ్ళుగా కౌంటీ ఎన్నికల అధికారిగా ఇదే కుర్చీ. పక్షవాతం వచ్చినవాళ్ళ వంకర సంతకాన్ని కూడా చూపుతోనే పోల్చుకుంటాడు.

“నిజంగానే సర్దావా పెద్దాయనా?” అంది అతని కింద పనిచేసే ఓపల్.

“రెండు బనీన్లు, పళ్ళ బ్రష్షు, బీపీ మాత్రలు. జైలు బనీన్లు నాకు పట్టవు.”

“మరి తలుపు?”

“పై కోర్టు తీయమందిగా. పైగా బయట వరసలో ముందున్న ముసలమ్మకి తొంభై రెండేళ్ళు. రేపు రమ్మని ఎవడు చెప్తాడు?”

ఎనిమిదిన్నరకి తలుపు తీశాడు.

రెండింటికి కౌంటీ పోలీసుల పెద్ద, షెరీఫ్ డేల్ బూట్లు టకటకలాడాయి. వరసలోవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. నార్వెల్ బల్ల కింది సంచీ అందుకుని లేచాడు.

“ఎక్కడికి బావా ప్రయాణం?”

“నువ్వు తీసుకెళ్ళే చోటికే.”

“ఏడిశావ్. ఓటెయ్యడానికొచ్చాను, కూచో.”

“కార్డు చూపించు.”

“నలభై ఏళ్ళు కలిసి చేపలు పట్టినోణ్ణి కార్డడుగుతావా?”

“అడుగుతా.”

వరసంతా గొల్లున నవ్వింది. డేల్ గొణుక్కుంటూ జేబులు తడుముకున్నాడు.

అయిదింటికి పెట్టెకు సీలు వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి, నార్వెల్ కుర్చీలో కూలబడి బూటు లేసు విప్పుకున్నాడు. ఓపల్ కాఫీ కప్పులు కడిగి వచ్చేసరికి గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. రోజూ తీసే కునుకే అనుకుంది. రెండో బూటు విప్పనేలేదు. మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర సంచీలోనే ఉండిపోయింది.

నార్వెల్‌ని సమాధి చేసిన మర్నాడు కూడా ఎనిమిదిన్నరకే తలుపు తెరుచుకుంది. పదింటికి దావా వేసిన వకీలు గుమాస్తా కాగితాలతో వచ్చి, విషయం విని, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“అయ్యో పాపం. మరి దావాలో... ఆయన బదులు ఎవరి పేరు రాయాలండీ?”

ఓపల్ బల్ల కిందికి వంగి, సంచీ తీసి కాగితాల పక్కన పెట్టింది.

“నాది రాసుకో. సంచీ సర్దే ఉంది, బనీన్లే కాస్త వదులు.”