నడవలో కంచె

మా ఊరి మధ్య నుంచి ఒక రాష్ట్ర రహదారి పోతుంది. పొడవెంతంటారా? ఈ చివర తుమ్మితే ఆ చివర నుంచి "చిరంజీవ" అనొచ్చు. పెద్ద రోడ్డు నుంచి విడివడి, ఊళ్లో నాలుగు మలుపులు తిరిగి, మళ్లీ బుద్ధిగా పెద్ద రోడ్డులోనే కలుస్తుంది. దానికో నంబరు, ఆ నంబరుకో బోర్డు. పేరు గొప్ప ఊరు దిబ్బ!

రోడ్డుకి ఇటు నా గది, కుట్టు మిషనూ పొయ్యీ ఇక్కడే. అటు మా అక్క గది. నేను చొక్కాలు కత్తిరించి కుడతాను, అక్క కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది. చిన్నప్పుడే ఆమె ఎడమకాలు చచ్చుబడింది. అయినా కర్ర ఊతంతో తనే వచ్చి బట్టలు తీసుకెళ్తుంది. నేను తెచ్చిస్తానంటే ఒప్పుకోదు. మధ్యాహ్నం ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంటే తప్ప నాకు ముద్ద దిగదు.

మొన్న రోడ్ల ఇంజినీరు వచ్చి, రోడ్డు మధ్యలో ఇనుప కంచె వేస్తున్నామన్నాడు. ఎక్కడా సందుండదట. అవతలికి పోవాలంటే చివరిదాకా నడిచి తిరిగి రావాలట. నాకు ఒళ్లు మండింది.

"కాలు సరిగా లేని మనిషి సార్! మా అక్క అంత దూరం ఎలా నడుస్తుంది?"

"ఇది వీధి కాదమ్మా, హైవే" అన్నాడు. గొంతు పోయేలా అరిచినా అదే మాట. అక్క మాత్రం నోరు మెదపలేదు. నోట్లో నాలుక లేని మనిషని మనసులో ఆమెనూ తిట్టుకున్నాను.

ఇవాళ కంచె బిగించుకుంటూ మా గదుల దాకా వచ్చారు. అక్క కుర్చీ ఈడ్చుకొచ్చి, సరిగ్గా రోడ్డు నడిమధ్యన వేసుకుని కూర్చుంది. ఒళ్లో చొక్కా, చేతిలో సూది. రెండు పక్కలా లారీలు హారన్లు మోగిస్తుంటే కాజా కుట్టడం మొదలెట్టింది.

ఇంజినీరు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? హైవే మధ్యలో కూర్చుంటావా?"

"హైవేలో ఎక్కడ బాబూ, మా ఇంట్లోనే కూర్చున్నా." సూదితోనే చూపించింది. "అదిగో, చెల్లెలి దగ్గర వంటగది. ఇదిగో, నా పడకగది. మధ్యలో ఇది నడవ. నడవకి అడ్డంగా కంచె వేసుకున్న కొంప ఎక్కడైనా చూశావా?"

కంచె బిగించేవాళ్లు ఫక్కున నవ్వారు. ఇంజినీరు నవ్వలేదు. "పోలీసుల్ని పిలుస్తా."

"పిలువు. వాళ్లొచ్చేలోపు ఈ కాజా అయిపోతుంది."

నేను గుమ్మంలోకి పరిగెత్తాను. "అక్కా, లేచి రావే! ఏ లారీ అయినా గుద్దేస్తుంది!"

"కాలరు కుట్టడం అయిందా?"

"లేదు."

"మరి నోరు మూసుకుని పని చూసుకోవే."

ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ నేనే ఆమెకు కాపలా అనుకున్నందుకు సిగ్గేసింది. నా ముక్కాలిపీట, కాలరు పట్టుకుని, హారన్లను లెక్కచేయకుండా వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అక్క కుర్చీ కాస్త జరిపి చోటిచ్చింది.

కంచె ఒక పక్కన ఆమె కుర్చీ దాకా వచ్చి ఆగింది. పోలీసులు రాలేదు. పొద్దువాలుతుంటే ఇంజినీరు సామాను సర్దించాడు.

"రేపు మళ్లీ వస్తాం. ఎంతసేపు కూర్చుంటారో చూస్తా."

"రా బాబూ" అంది అక్క, పళ్లతో దారం తెంపుతూ. "అవతలి స్తంభం మాత్రం కాస్త దూరంగా పాతించు. రేపట్నుంచి ఇద్దరం."