మూడుసార్లు నొక్కితే

కూర్మమ్మ మొగుడి సంచి సర్దుతోంది. అడుగున లుంగీ, తువ్వాలు. వాటి మీద ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బీడీ కట్టలు, అగ్గిపెట్టెలు, చింతపండు, ఎండుమిరపకాయలు. మూడు రోజుల వేట. ఇరవై ఎనిమిదేళ్ళుగా సంచి అందుకుంటూ అసిరయ్య అడిగేది ఒకటే: "ఉప్పేసేవా?" వేసింది. వెయ్యని రోజంటూ లేదు.

అరుగు మీద బావగారు గంగులు కొత్త పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. మత్స్యకారుల సంఘానికి పెద్ద ఆయన. వీధిలో వీళ్ళ డాబాయే ఎత్తని ఏడేళ్ళ క్రితం ఒడ్డు రేడియోని ఈ అరుగు మీదే పెట్టించాడు. అప్పట్నుంచి బోట్ల మాట వినే పని కూర్మమ్మది. పొయ్యి మీద కూర ఉన్నా చెవి అరుగు మీదే. కూర అడుగంటితే తన తప్పు, స్నానానికి వెళ్ళినప్పుడు ఏ బోటో పిలిస్తే అదీ తన తప్పు. "కూకుని ఇనడానికేటి కష్టం?" అనేవాడు అసిరయ్య. ఆ ఏడేళ్ళలో ఆమె జవాబు చెప్పిందే గానీ తనంతట తాను ఏ బోటునీ పిలవలేదు. వేటకెళ్ళినవాణ్ణి వెనక పిలవకూడదు. ఒడ్డు పిలిస్తే సముద్రం వింటుందని అత్తగారు చెప్పి పోయింది.

పెట్టె నిన్న వచ్చింది. ఆమదాలవలసలో రేడియోలు బాగుచేసే ఫిన్నీ అనే కుర్రాడు తెచ్చి బిగించాడు. బోటులో మైకు బొత్తాం మూడుసార్లు నొక్కి వదిలితే, పెట్టె తనలో నమోదైన నంబరుకి తానే ఫోను కలుపుతుంది. రేడియో మాట ఫోనులోకి, ఫోను మాట రేడియోలోకి. దాని తీగ తగిలిస్తే మాత్రం అరుగు మీది రేడియోలో బోట్ల మాట వినపడదు, ఒడ్డు మైకు ఒక్కటే పనిచేస్తుంది. "మీ నంబరే పెట్టేను పిన్నీ," అని, ఎలా పెట్టాలో చూపించాడు. స్టార్, ఒకటి నొక్కగానే పాత నంబరు చెరిగిపోతుంది; తర్వాత కొత్త ఫోను నంబరు, చివర హాష్. రెండుసార్లు పిట్‌మంటే నమోదైనట్టు; నమోదు కాకుండా బోటు నొక్కితే ఎర్రదీపం మినుకుతూనే ఉంటుంది. తర్వాత బోటు నుంచి ఒకసారి నొక్కించి చూసుకోవాలి. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న కూర్మమ్మ అదంతా క్యాలెండరు వెనక రాసుకుంది. ఇక ఫోను రొమ్మున దోపుకుని నరసన్నపేట సంతలో చేపలమ్ముకోవచ్చు అనుకుంది. అరుగు తనను వదిలేసినట్టనిపించింది.

"ఆడమనిషి ఫోనుకి బోటోళ్ళు కొడితే ఊరేటనుకుంటాది?" అన్నాడు గంగులు. "నా నంబరు పెడతన్నాను." స్టార్ నొక్కాడు, ఒకటి నొక్కాడు, తన నంబరు కొట్టాడు, లేచి నిలబడ్డాడు.

"బావా, పిట్టుమన్లేదు. సివర ఇంకోటి నొక్కాల."

"ఒరే అసిరీ! నీ పెళ్ళాం ఇంజినీరయిపోనాది, సూడు."

అసిరయ్య నవ్వాడు. "దానికి కాగితాల పిచ్చి. ఒసే, సంచి ఇటు తే."

"ఒకపాలి బోటుకాడ్నుంచి నొక్కి సూడు మావా."

"ఎల్తన్నప్పుడు నసెట్టకు. రేడియో గొడవ నీది కాదింక."

బోటు కెరటం దాటేదాకా ఆమె అరుగు మీదే నిలబడింది. మైకు చేతిలోకి తీసుకుంది. మూడు నొక్కితే పలకదు, తెలుసుకో అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. బొటనవేలు బొత్తాం మీదే ఉంది. పిలిచాక ఏదైనా జరిగితే? పిలిచిన నోరు తనదే అవుతుంది. హాష్ తాను నొక్కేస్తే? బావగారు ముట్టిన పెట్టె. నీది కాదన్నారు కదా. మైకు కొక్కేనికి తగిలించి గంప ఎత్తుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం సంత నుంచి ఖాళీ గంపతో వచ్చేసరికి పెట్టె మీద ఎర్రదీపం మినుకుతోంది. మూడుసార్లు. ఆగి, మళ్ళీ మూడుసార్లు. ఎప్పట్నుంచో తెలీదు. గంప విసిరేసి, పెట్టె తీగ పీకేసి మైకందుకుంది.

"మావా! ఇంటన్నాను, సెప్పు!"

హోరు తప్ప ఏమీ లేదు. చెట్టు కింద పేకాడుతున్న గంగులు జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. "మోగనేదే," అన్నాడు.

చీకటి పడకముందే వేరే బోట్లు వెళ్ళి, బోటు మునిగి డబ్బాలు పట్టుకుని తేలుతున్న వాళ్ళని తెచ్చాయి. "అసిరన్న గంటసేపు నొక్కేడు ఒదినా," అన్నాడు ఆ బోటులో వెళ్ళిన చినబాబు, వణుకుతూ. "నొక్కడం, ఆగడం. పక్క బోట్లనేనా పిలుద్దుమంటే ఇన్లేదు. మా గంగులన్న పలుకుతాడ్రా అన్నాడు."

పదకొండో రోజు అందరూ భోంచేస్తుండగా కూర్మమ్మ అరుగు మీదికి వెళ్ళింది. స్టార్, ఒకటి, తన నంబరు, హాష్. పిట్, పిట్. వాకిట్లో చెయ్యి కడుక్కుంటున్న గంగులు చూశాడు, తల దించుకున్నాడు.

ఇప్పుడు ఏ బోటు కెరటం దాటినా ఆమె మైకందుకుంటుంది. "కూర్మమ్మని. మూడుసార్లు నొక్కండి." తన ఫోను మోగేదాకా మైకు దించదు. ఎనకాల పిలుస్తాదని ముసలమ్మలు ఉమ్ముతారు. పిలుస్తుంది.

రెండువేల పదహారు ఆగస్టు పదకొండు, గురువారం ఆ బోటులో నలుగురు వెళ్ళారు. పదమూడు, శనివారం ముగ్గురు తిరిగొచ్చారు. అసిరయ్య రాలేదు.