నెమ్మది గడులు

"ఆడవాళ్ళకి చెయ్యి నిలకడగా ఉండదండీ. యాక్సిలరేటర్ ఒక్క తీరుగా పట్టుకోరు, అందుకే బండి జంకుతుంది," అన్నాడు మా ఆయన పశువుల డాక్టరమ్మతో. మా మెకానిక్ షెడ్డు వెనక గదిలో నేను టీ వడకడుతున్నాను. పోయిన నెల ఆవిడ తన బైకుకి ముచ్చటపడి కొత్త సైలెన్సరూ, గాలి ధారాళంగా పీల్చే ఫిల్టరూ మా దగ్గరే వేయించుకుంది. అప్పట్నుంచీ కొండదారి మలుపుల్లో నెమ్మదిగా వెళ్తుంటే ఇంజను ఒక్క క్షణం ఆగినట్టై మళ్ళీ అందుకుంటోందట. ఇలా చెప్పుకోవడానికి రావడం ఇది రెండోసారి. మొన్న ఒక మలుపులో లారీ కింద పడబోయి తప్పించుకుందట. రేపు పొద్దున్నే మళ్ళీ ఆ దారినే వెళ్ళాలి, బండి చూసి పెట్టండి, ఇవాళ సాయంత్రం వచ్చి తీసుకెళ్తానంది. వెళ్ళబోతూ తన చేతులకేసి ఒకసారి చూసుకుంది. నమ్మేసింది పాపం. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎందుకంటే ఆ బండిని ట్యూన్ చేసింది నేను. సామాన్లు బిగించడం మా ఆయన పని. గాలి ఎక్కువ పీల్చే ఇంజనుకి పెట్రోలూ ఎక్కువే అందాలి. ఏ వేగంలో, యాక్సిలరేటర్ పిడి ఎంత తిప్పితే ఎంత పెట్రోలు పోవాలో లాప్‌టాప్‌లో గడులుగడులుగా ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఆ గడులు దిద్దుతున్నది నేనే. బోర్డు మీద ఆయన పేరుంటుంది. "మా ఆవిడ ఏదో టైపు చేసి పెడుతుందిలెండి," అంటాడు వచ్చినవాళ్ళతో. రోడ్డు మీద నడిపి చూసేదీ ఆయనే. పెళ్ళికి ముందు నాన్న బండి మీద ఊరంతా తిరిగినదాన్ని, నాకు రాక కాదు. "నువ్వు పడి కాలు విరగ్గొట్టుకుంటే ఇల్లెవరు చూస్తారే," అన్నారు అత్తగారు. కాలు నాది, దిగులు ఇంటి గురించి. ఊరుకున్నాను. ఊరుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం ఆయన టైర్లు కొనడానికి వెళ్ళాక, పోయినసారి ఆయన ఆ బండి నడిపి చూసినప్పటి రికార్డు లాప్‌టాప్‌లో తెరిచాను. పిడి తిప్పితే ఆ చివరిదాకా తిప్పడమే. వెంట్రుకవాసి తిప్పి నిదానంగా వెళ్ళింది మొత్తం మీద పది సెకన్లు కూడా లేదు. వచ్చి "సూపర్" అన్నాడు, సరే అని నేను సేవ్ చేశాను. నెమ్మదిగా వెళ్ళేచోటి గడులన్నీ పాత సైలెన్సరుకి కంపెనీ పెట్టిన అంకెలతోనే ఉండిపోయాయి. మా ఇంట్లో నిదానంగా నడిపే మనిషి లేడని నాకు తట్టనే లేదు.

లాప్‌టాప్ సంచి భుజాన తగిలించుకుని, హెల్మెట్ పెట్టుకుని డాక్టరమ్మ బండి బయటికి తీశాను. బట్టలు ఆరేయలేదని అత్తగారు గుర్తుచేశారు. వచ్చి ఆరేస్తానన్నాను. గోదాముల వెనక దారి ఖాళీగా ఉంది. మూడో గేరులో పిడి ఊరికే అలా తాకి ఉంచాను. వచ్చింది జంకు, అచ్చం ఆవిడ చెప్పినట్టే. ఆపి, బండికి లాప్‌టాప్ తీగ తగిలించి, నాలుగు గడుల్లో పెట్రోలు కాస్త పెంచాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ ఆపాను. ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు. గోడల మీద ఎండ పాకుతోంది, నా నీడ పక్కనే వస్తోంది, ఇంజను మోత మోకాళ్ళలోంచి వెన్నులోకి ఎక్కి అక్కడే నెమ్మదిగా గుండ్రాలు తిరుగుతోంది. ఒకచోట ఆ జంకు కరిగిపోయింది. ఎక్కడ పోయిందో కూడా తెలియలేదు. నేను వెళ్తున్నానా, దారే నా కిందనుంచి జారుతోందా అన్నట్టుంది. ఎవరికీ ఏమీ అందించక్కర్లేని ఆ కాసేపు ఎంత బాగుందో, నిజంగా ఎంత బాగుందో. ఇంకో రెండు చుట్లు ఉత్తినే తిరిగాను.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. సంగతి చెబుదామని నేను నోరు తెరిచేలోపే మా ఆయన తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. తాను మళ్ళీ చూశానని, బండిలో ఏ లోపమూ లేదని, ఆవిడే కాస్త చెయ్యి కుదుర్చుకోవాలని చెప్పాడు. ఆవిడ తల ఊపింది.

నేను షెడ్డు ముందుకి వచ్చి నిలబడ్డాను.

"మీ చెయ్యి బాగానే ఉందండీ," అన్నాను. "తప్పు బండిలోనే ఉంది, ఆ తప్పు నేను చేసింది. మధ్యాహ్నం నేనే నడిపి చూసి సరిచేశాను. ఇక్కడ ట్యూనింగ్ చేసేది నేనే."