పెట్రోలుకూ గ్యాసుకూ మధ్య నేను

నేను ఒక స్విచ్‌ని. ఇంట్లో ఫ్యాను వేసేదాన్ని కాదు. బండిలో స్టీరింగు పక్కన కూర్చుని, ఇంజనుకు ఏ పూట ఏం తాగించాలో చెప్పేదాన్ని. పైకి నొక్కితే పెట్రోలు, ఎర్ర దీపం వెలుగుతుంది. కిందికి నొక్కితే గ్యాసు, పచ్చ దీపం వెలుగుతుంది. మధ్యలో వదిలేస్తే రెండూ బంద్. ఇంతకు మించి నాకేమీ రాదు. అయినా తలెత్తుకోలేని బతుకైంది నాది. ఎందుకో చెబుతాను, నవ్వుకోకండి.

పుట్టింది ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో. ప్లాస్టిక్కు కరిగించి అచ్చులో పోశారు. ఒకావిడ పక్కావిడతో తన కోడలి మీద చాడీలు చెబుతూనే నా పొట్టలో రెండు దీపాలు అతికించింది. నా మొహం సరిగ్గా చూడనైనా లేదు. అక్కణ్ణుంచి అట్టపెట్టెలో పడి గుడివాడ చేరాను, కార్లకు గ్యాసు కిట్లు బిగించే కరీముల్లా షెడ్డుకు. అప్పట్లో పెట్రోలు ధర మండిపోతోంది. కార్లున్న వాళ్ళంతా వరస కట్టి, "మాకూ ఓ కిట్టు పడెయ్ భాయ్" అంటూ అతడికి ఊపిరాడనిచ్చేవారు కాదు.

నా మొదటి యజమాని ఎరువుల వ్యాపారి. ఆయన కిట్టుకు కాగితాలన్నీ ఉన్నాయి, పట్టించేది బంకు గ్యాసే. కారెక్కిన ప్రతివారికీ నన్ను చూపించి, "ఇదిగో, ఇక్కడ నొక్కితే సగానికి సగం మిగులు" అనేవాడు. ఆ మిగిలిన సగంతో ఊరికే షికార్లు కొట్టేవాడు. నాకూ గర్వంగానే ఉండేది. ఏడాది తిరక్కముందే డీజిలు ఇంకా చవకని ఎవరో ఆయన చెవిన వేశారు. కారు అమ్మేసి డీజిలు బండి కొన్నాడు. ఆ కారు కొన్నవాడికి గ్యాసంటే హడలు. నన్ను పీకించి కరీముల్లా అలమరలో పడేశాడు. మనుషులు బండిని ఇష్టపడి కొంటారని అంతవరకు అనుకునేదాన్ని. బంకు ముందున్న ధరల బోర్డును చూసి కొంటారని అప్పుడు తెలిసింది.

ఆ అలమరలోంచి నన్ను బయటికి తీయించినవాడు ఏడుకొండలు. స్కూలు పిల్లల్ని తిప్పే తెల్ల వ్యాను అతడిది. సీట్లకు రెట్టింపు పిల్లలు ఎక్కేవారు, అయినా పెట్రోలు పోయించాక చేతిలో మిగిలేది అంతంతమాత్రం. కాగితాలున్న కిట్టు ఖరీదు వినగానే అతడి మొహం వాడిపోయింది.

"అంత పెట్టుకోలేను భాయ్. వేరే దారేమన్నా చూడు."

"ఇంట్లో వంట సిలిండరు ఉందిగా. ఎనక సీటు కింద పడుకోబెడదాం, ఎవుడికీ కనపడదు" అన్నాడు కరీముల్లా.

అలా చేయకూడదని ఇద్దరికీ తెలుసు. అందుకే నన్ను డాష్‌బోర్డు మీద కాకుండా, దాని అడుగున, మోకాలి చాటున బిగించారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వంగి చూస్తే తప్ప కనిపించను. షోకుగా చూపించుకునే వస్తువును కాస్తా దొంగసొత్తునయ్యాను.

మర్నాడు పొద్దున ఏడుకొండలు భార్య నాంచారమ్మ వ్యాను కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. గ్యాసు బండికి పోయింది గనుక ఆమె కట్టెల పొయ్యి మీద వండి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా తిప్పలేవో నేను పడతాలే. పాపను మాత్రం ఎనక సీట్లో కూర్చోబెట్టమాక" అంది.

ఏడుకొండలు తల ఊపాడు. వాళ్ళ కూతురు యామిని మూడో తరగతి, వెళ్ళేది అదే స్కూలుకు. ఆ రోజు నుంచీ ముందు సీటు ఆ పిల్లది. వెనక సీటు మీద, సిలిండరు పైన, ఊళ్ళో వాళ్ళ పిల్లలు. నాకు మొదటిసారి సిగ్గేసింది అప్పుడే. ప్రమాదమేదీ లేదని నమ్మి చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు. తెలుసు గనుకే కన్నకూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చెడ్డవాడా అంటే కాదు. పిల్లలకు చలేస్తుందని కిటికీ అద్దాలు తనే మూసేవాడు, ఎవరైనా నిద్రపోతే చేతుల మీద ఎత్తుకుని దించేవాడు. అంత మంచివాడి వేలు రోజూ నన్ను కిందికి నొక్కేది. పచ్చ దీపం వెలిగేది.

అభిరామ్ అనే పిల్లాడు ఒకడుండేవాడు. "అంకుల్, నన్ను కూడా ముందు కూర్చోనివ్వండి" అని రోజూ పేచీ.

"యామినికి ఎనక కూర్చుంటే వాంతులవుతాయిరా" అనేవాడు ఏడుకొండలు. యామిని వింతగా తండ్రి వైపు చూసేది.

ఒకసారి అభిరామ్ తల్లి శ్యామల కొడుకును ఎక్కిస్తూ ముక్కు చిట్లించింది. "ఏంటన్నయ్యా, బండిలో గ్యాసు వాసన?"

"ఇందాక హోటలు పక్కన ఆపానమ్మా, అక్కడిది పట్టుకుంది."

ఆమె నమ్మింది. అన్నయ్యా అని పిలిచేవాడు అబద్ధమాడతాడని ఎందుకు అనుకుంటుంది?

ఆ తర్వాత పెట్రోలు దిగడం మొదలైంది. మొదట రూపాయి, పక్షం తిరిగేసరికి మరో రెండు. ఊరి నడకే మారిపోయింది. నాలుగడుగుల దూరంలోని కిరాణా కొట్టుకు కూడా మోటారు సైకిలు తీసేవాళ్ళు ఎక్కువయ్యారు. బస్‌పాసు ఉన్న గుమాస్తాలు మూలపడ్డ స్కూటర్లు తుడుచుకున్నారు. బంకు దగ్గర ఒకరోజు మా వ్యాను పక్కనే ఎరువుల వ్యాపారి కనిపించాడు, లారీ అంత ఎత్తు పెట్రోలు కారులోంచి దిగుతూ. "డీజిలుకూ దీనికీ ఇంక తేడా ఎంతయ్యా, ఉంటే ఇట్టాంటి బండే ఉండాలి" అంటున్నాడు. ధర మళ్ళీ పెరగదని ఆయనకెవరు హామీ ఇచ్చారో తెలియదు.

ఏడుకొండలు కూడా లెక్క వేసుకున్నాడు. ఇంటి సిలిండరు చాలక బ్లాకులో కొంటున్న గ్యాసుకూ, దిగివచ్చిన పెట్రోలుకూ పెద్ద తేడా లేదని తేలింది. పైగా ఇన్‌స్పెక్టరు భయం ఒకటి. సిలిండరు వంటింటికి వెళ్ళిపోయింది. నన్ను పైకి నొక్కాడు. ఎర్ర దీపం చూసి నేనెంత హాయిగా ఉన్నానో చెప్పలేను. యామిని వెనక్కి గెంతి స్నేహితుల మధ్య కూర్చుంది. అభిరామ్‌కు ముందు సీటు దొరికింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఈలోగా పక్క ఊళ్ళో గ్యాసు సిలిండరుతో నడిచే వ్యాను ఒకటి తగలబడింది. అదృష్టం, లోపల ఎవరూ లేరు. స్కూలువాళ్ళు అన్ని వ్యాన్లనూ సీట్లు ఎత్తి మరీ వెతికించారు. చాలా వ్యాన్లలో సిలిండర్లు దొరికాయి. మా దాంట్లో దొరకలేదు, డాష్‌బోర్డు అడుగున ఉన్న నన్నెవరూ వంగి చూడలేదు. పిల్లల ప్రాణాల కోసం ఖర్చుకు వెనకాడని మనిషని ఏడుకొండలుకు వార్షికోత్సవంలో సన్మానం చేశారు. తల్లిదండ్రుల కమిటీ తరఫున శాలువా కప్పింది శ్యామలే. అతడు ఆ శాలువా తెచ్చి డాష్‌బోర్డు మీద పరిచాడు. దాని అంచు వేలాడి నన్ను కప్పేసింది. నేను దాచుకునేది ఏముందో అతడికీ తెలుసు, నాకూ తెలుసు. వద్దని ఒక్కమాట అనకుండా ఆ శాలువా ఎలా కప్పించుకున్నాడో నాకు ఈనాటికీ అర్థం కాదు. ఆ చీకట్లో కూర్చుని చాలా సిగ్గుపడ్డాను.

దిగిన ధర ఎక్కకుండా ఉంటుందా? ఎక్కింది. ఏడుకొండలు కొన్నాళ్ళు పళ్ళ బిగువున పెట్రోలే పోయించాడు. ఆ తర్వాత ఒక పొద్దున నాంచారమ్మ వంట ముగించగానే సిలిండరు భుజాన వేసుకొచ్చి వెనక సీటు కింద పెట్టాడు. శాలువా అంచు పైకెత్తి నన్ను కిందికి నొక్కాడు. స్కూలుకు ఆలస్యమైందని యామిని పరుగున వచ్చి అలవాటు కొద్దీ వెనక ఎక్కేసింది. ఆ హడావుడిలో అతడు గమనించలేదు. శ్యామల ఇంటి ముందు ఆగి, అభిరామ్‌ను మళ్ళీ వెనక ఎక్కించడానికి పక్క తలుపు లాగినప్పుడు చూశాడు.

"యామినీ, నువ్వు ముందుకు రామ్మా."

"ఇక్కడే కూర్చుంటా నాన్నా."

"చెబితే వినాలి. రా."

పిల్ల లేచింది. లేస్తూ, అందరి ముందూ, మామూలుగా అడిగింది. "మళ్ళీ గ్యాసు పెట్టావా నాన్నా?"

కొడుకును ఎక్కించబోతున్న శ్యామల చేయి ఆగిపోయింది. "గ్యాసేంటమ్మా?"

"గ్యాసున్నప్పుడు నేను ఎనక కూర్చోకూడదు ఆంటీ. పేలిపోద్దంట. అమ్మ చెప్పింది."

శ్యామల వంగి సీటు కిందికి చూసింది. తర్వాత ఏడుకొండలు వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"మరి మావాడు కూర్చోవచ్చా అన్నయ్యా?"

ఆమె వ్యానులో ఉన్న పిల్లలందర్నీ ఒక్కొక్కరినే చేయి పట్టి దించింది. సంచులు అందించింది. ఏడుకొండలు వచ్చి తన సీట్లో కూలబడ్డాడు. వేలు నా మీద పెట్టి, పైకో కిందికో తేల్చుకోలేక మధ్యలో వదిలేశాడు. ఇంజను కాసేపు గొణిగి ఆగిపోయింది.

ఆ రోజే సిలిండరు దింపేసి, నన్ను పీకించేశాడు. ఇప్పుడు నేను కరీముల్లా షెడ్డులో తుప్పు పట్టిన బోల్టుల డబ్బాలో ఉన్నాను. పెట్రోలు పెరిగిందన్న వార్త వస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఈ డబ్బా కెలుకుతారు. నేను చేతికి దొరక్కుండా ఉంటే బాగుండుననుకుంటాను. మొన్న ఏడుకొండలు వ్యాను బ్రేకులు చూపించడానికి వచ్చాడు.

"పిల్లలొస్తున్నారా?" అని అడిగాడు కరీముల్లా.

"కొందరొస్తున్నారు భాయ్. ఇంటింటికీ పోయి చెప్పుకున్నా, ఇక పెట్రోలేనని. శ్యామలమ్మ మాత్రం పంపట్లేదు." వ్యాను వెనక సీటు వైపు చూశాడు. "మా యామిని కూడా ముందుకు రావట్లేదు. ఎంత పిలిచినా ఎనకే కూర్చుంటంది."

"ఎందుకంట?"

"ముందు కూర్చుంటే సిగ్గేస్తంది నాన్నా, అంది."

కరీముల్లా తల వంచుకుని బ్రేకుల పని మొదలుపెట్టాడు.